మక్కల మిషన్ ఎక్కించిన రోజు

పత్తి ఏరుతున్న సత్తవ్వకు ఆ సంగతి పక్క సాలులో ఉన్న స్వరూప చెబితేనే తెలిసింది.

"మీ మక్కల మిషన్ ఆదిలాబాద్ దిక్కు పోతున్నదట గదా అత్తా. ఎక్కియ్యనీకి మా ఆయనను పిలిచిండు రాజం మామ."

"ఎవల మిషన్?" అంది సత్తవ్వ.

స్వరూప తెల్లమొహం వేసింది. సత్తవ్వ నడుముకు కట్టుకున్న సంచి విప్పి గట్టు మీద పడేసి, వెనక్కి చూడకుండా ఊరి వైపు నడిచింది.

లక్సెట్టిపేట పక్కనున్న ఆ ఊళ్లో ఆ మిషన్ ఎవరిదో తెలియనివాళ్లు లేరు. ఇరవై ఏళ్ల కింద ఆమె భర్త మైసయ్య కొన్నాడు. అతను పోయాక ఆరేళ్లు ఆమే నడిపింది. కిరాయి ట్రాక్టరుకు తగిలించుకుని ధర్మపురి దాకా తిరిగి, మొక్కజొన్న కంకులు పోసి గింజ రాల్చి మక్కలు పట్టింది. బెల్టు తెగితే ఆమే వేసేది. బేరింగు అరిస్తే చప్పుడు విని ఏది పోయిందో చెప్పేది. ఊళ్లలోకి హార్వెస్టర్లు దిగాక పని తగ్గి, రెండేళ్లుగా మిషన్ మరిది లక్ష్మీరాజం కొట్టంలో పడి ఉంది. కొట్టం అతనిది. మిషన్ కాదు.

ఆమె వెళ్లేసరికి డీసీఎం వ్యాను వెనక తలుపు దించి ఉంది. నేల మీది నుంచి వ్యానులోకి రెండు పాత చెక్కలు ఏటవాలుగా వేశారు. కూలిపోయిన ఇంటి కప్పు నుంచి పీకినవి. మిషన్ చక్రాలు అప్పుడే వాటి అంచుకు ఆనాయి. వెనక నుంచి ట్రాక్టరుతో నెట్టాలని వాళ్ల ఆలోచన. స్వరూప భర్త మల్లన్న గడ్డపార పట్టుకుని మిషన్‌కు ఎడమ పక్కన నిలబడ్డాడు.

"ఎవల్ని అడిగి అమ్మినవ్ రాజం?"

లక్ష్మీరాజం ట్రాక్టరు మీద నుంచి దిగలేదు. "తుప్పు పడుతున్నది వదినె. ఉంచుకొని ఏం జేస్తవ్? సాయంత్రం కూసొని మాట్లాడుదాం."

"మిషన్ పోయినంక ఏం మాట్లాడుతవ్?"

కొనడానికి వచ్చిన సాయిచంద్ ఇబ్బందిగా ఇద్దరినీ చూశాడు. "గొడవ నక్కో, వద్దక్కా. నాకు అందరు ఒప్పుకున్నరనే చెప్పిండు."

కోపంలో కూడా సత్తవ్వ చూపు చెక్కల మీదే ఉంది. ఎడమ చెక్కను చెదలు సగం తినేశాయి. మిషన్ బరువంతా ఆ పక్కే. గింజ రాల్చే డ్రమ్మును తిప్పే, మనిషి నడుమంత ఎత్తున్న ఇనుప చక్రం ఉన్నది అటువైపే.

"గిట్ల ఎక్కదది. ఎడమ దిక్కుకు ఒరుగుతది. జేసీబీని పిలువుండ్రి. లేకుంటే ముందుగాల ఆ చక్రమన్న విప్పుండ్రి."

"జేసీబీ రేపు గాని దొరకదు," అన్నాడు లక్ష్మీరాజం. "ఇంట్ల పొయ్యి కాడ చెప్పు నీ ముచ్చట్లు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మల్లన్న నవ్వలేదు. ఆమె వైపు చూసి, "జర పక్కకు జరుగు అత్తా," అన్నాడు మెల్లగా.

ఆమె జరిగింది. తర్వాత ఎన్ని రోజులు గడిచినా ఆ అడుగు ఆమెను తినేస్తూనే ఉంది. చక్రాల ముందు కూర్చుని ఉంటే ఎవడు నెట్టేవాడు? పొయ్యి కాడ అన్న మాటకు ఒళ్లు మండిపోయి, పడితే పడనీ, వీడికి తెలిసొస్తది అనుకుంది. పడితే ఎవరి మీద పడుతుందో ఆ క్షణాన ఆలోచించలేదు.

ట్రాక్టరు గుర్రుమంది. మిషన్ చెక్కల మీదికి జానెడు ఎక్కింది, మూరెడు ఎక్కింది. సగం దూరం వెళ్లేసరికి ఎడమ చెక్క ఫటేలున విరిగింది. మల్లన్న గడ్డపార వదిలేసి వెనక్కి గెంతాడు గానీ ఒక కాలు చెక్క పక్కనే ఉండిపోయింది. మిషన్ పక్కకు ఒరిగి అతని పిక్క మీద పడింది.

మల్లన్న అరుపు విని అందరూ కొయ్యబారిపోయారు. లక్ష్మీరాజం దూకి వచ్చి, మొదట మిషన్ చుట్టూ తిరిగి చూశాడు. "డ్రమ్ము పగిలిందా?" అన్నాడు.

సత్తవ్వ అతని గల్లా పట్టి పక్కకు నెట్టింది. "గడ్డపార ఇటు తేండ్రి. చక్రం కింద గాదు, ఇరుసు కింద పెట్టుండ్రి. సాయిచంద్, ఆ రాయి గడ్డపార కిందికి దొబ్బు. అందరొక్కసారి లేపుండ్రి." ఇందాక నవ్వినవాళ్లే ఆమె చెప్పినట్టు చేశారు. మిషన్ బెత్తెడు లేచింది. ఆమె మల్లన్న చంకల్లో చేతులు వేసి ఒక్క గుంజు గుంజింది. కాలు మోకాలి కింద వంకరపోయి ఉంది.

మిషన్ కోసం వచ్చిన వ్యానులోనే అతన్ని పడుకోబెట్టి మంచిర్యాల తీసుకుపోయారు. దారి పొడవునా మల్లన్న తల ఆమె ఒళ్లోనే ఉంది.

ఆసుపత్రి వరండాలో లక్ష్మీరాజం ఆమె పక్కన వచ్చి నిలబడ్డాడు. "పోలీసోళ్లు అడుగుతరట వదినె. కాలు జారి వాడే కింద పడ్డడని చెప్పు. ఇంటి పరువు గదా."

అప్పుడే స్వరూప వచ్చింది. చేతులకు పత్తి నూగు అంటుకునే ఉంది. ఆమె ఏమీ అడగకముందే సత్తవ్వ గొంతు పెంచింది. వరండాలో అందరూ తిరిగి చూశారు.

"నీ పెనిమిటి జారలే స్వరూపా. చెదలు పట్టిన చెక్కేసి నెట్టిచ్చిండు గీ రాజం. వద్దని నేను చెప్పిన. ఇనలే. పడ్డంక మనిషిని చూడలే, డ్రమ్మును చూసిండు."

లక్ష్మీరాజం మొహం మాడిపోయింది.

స్వరూప అతని వైపు చూడలేదు. సత్తవ్వనే చూసింది. "నువ్వు గాడనే ఉన్నవా అత్తా?"

"ఉన్న."

"మరి అడ్డం పోకపోతివా?"



మరునాడు ఆమె పోలీస్ స్టేషన్‌కు వెళ్లి చూసింది చూసినట్టు చెప్పి సంతకం చేసింది. తను పక్కకు జరిగిన సంగతి కూడా రాయమంది. అది అక్కర్లేదన్నాడు రాసుకునే అతను. రాయమని ఆమె అక్కడే నిలబడింది.