వందనాల వరుసలో నా పేరు

అపొస్తలుడితో పదకొండేళ్లు తిరిగాను. ఆయన క్రీస్తు సువార్త ప్రకటించేవాడు. నేను ఆయన దుప్పటి మోసేవాణ్ణి, పప్పు ఉడికించేవాణ్ణి, ఓడ ఎక్కితే ఇద్దరి తరఫునా వాంతులు చేసుకునేవాణ్ణి. విశ్వాసుల సంఘాలకు ఆయన చెప్పి రాయించే ఉత్తరాల, అంటే పత్రికల, చివర వందనాలు ఉండేవి, వాటిలో ఎవరెవరి పేర్లో ఉండేవి. రెండు రోజులు మా పక్కన బస చేసిన గుడారాల వ్యాపారి పేరు కూడా ఒకసారి ఎక్కింది. స్ట్రాటోను అనే నా పేరు మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. అడగడానికి అభిమానం అడ్డొచ్చి అలిగాను. ఆయనకు నా అలక కనబడితే కదా.

ఈసారి ఎఫెసు నుంచి లవొదికయకు పత్రిక నాచేతే పంపాడు. తెచ్చినవాడే సభలో చదివి వినిపించాలి. వాచిన మోకాలితో ఆరు రోజులు నడిచాను. దారి పొడుగునా నా బుర్రలో ఒకే ఆలోచన.

ఉన్నికి రంగులద్దే అమ్మియ ఇంట్లో సంఘం కూడింది. చుట్టగా చుట్టిన పత్రిక ముద్ర విప్పి చదివాను. వందనాలు రాగానే, “సువార్త కోసం ఎంతో శ్రమపడిన మన ప్రియ సహోదరుడు స్ట్రాటోను కూడా మీకు వందనాలు చెబుతున్నాడు” అని కలిపేశాను. ముందు కూర్చున్న ముసలమ్మ కళ్లు తుడుచుకుంది. చుట్టలో ఇంకా కొంత మిగిలే ఉంది. ఆ వైభోగం చెడగొట్టుకోవడం ఇష్టంలేక చుట్టేశాను.

ఏ పత్రికకైనా నకలు తీసి పక్క ఊరి సంఘానికి పంపుతారన్న సంగతి ఈ మహానుభావుడికి గుర్తులేదు. మర్నాడు పొద్దున్నే అమ్మియ, నల్లరంగు అంటిన వేళ్లతో కలం పట్టుకుని కూర్చుంది. నేను తేలు కుట్టిన దొంగలా గడప దగ్గర నిలబడ్డాను.

“తమ్ముడూ, ఇలా రా. నిన్న నువ్వు చదివిన ముక్క ఎక్కడుంది? మూడుసార్లు వెతికాను.”

“అక్కడే ఎక్కడో ఉండాలే, అక్కా.”

“నా కళ్లకేం రోగం లేదు. కలిపావు కదూ?”

తలూపాను.

“‘ఎంతో శ్రమపడిన’ కూడా నీదేనా?” అంది నవ్వాపుకుంటూ. “సరే, రాయమంటే రాస్తాను. ఈ నకలు హియెరాపొలికి పోతుంది, అక్కణ్ణించి ఇంకెక్కడికో. నీ పేరు నిలిచిపోతుంది. ఏమంటావ్?”

నిజం ఒప్పుకుంటాను, వెంటనే వద్దనలేదు.

“ఆలోచించే ముందు ఇది కూడా చదువు” అని చుట్ట కొస విప్పింది. అక్కడ లేఖకుడి రాత ఆగిపోయి, పెద్ద పెద్ద వంకర అక్షరాలు మొదలయ్యాయి. అపొస్తలుడి సొంత చేతిరాత.

‘ఇది తెచ్చినవాడి మోకాలు బాగాలేదు. నూనె రాయండి, నయమయ్యేదాకా పంపకండి. పొగడ్తంటే చెవి కోసుకుంటాడు, ఏమీ అనకండి. ఓడ పగిలిననాడు నన్ను వీపున వేసుకుని ఒడ్డుకు చేర్చింది ఇతనే. నాకు కొడుకు ఉంటే ఇతనిలాగే ఉండాలనుకుంటాను.’

ఏడుపొచ్చింది. అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? “ఇందులోనూ పేరు లేదు” అన్నాను.

“ఎదురుగా నిలబడి చదివేవాడి పేరు ఎవరైనా రాస్తారా, పిచ్చోడా?” అంది అమ్మియ.

నేను కలిపింది రాయొద్దన్నాను. ప్రభువు దినమైన ఆదివారం నాడు సంఘం ముందు మళ్లీ నిలబడి, తప్పు ఒప్పుకుని, మింగేసిన ముక్క చదివాను. చెవి కోసుకునే దగ్గర అందరూ పగలబడి నవ్వారు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. అమ్మియ వచ్చి, చుట్ట నా చేతిలోంచి తీసుకుని, అది తనే చదివింది.