ఉడుకునీళ్ల వాల్వు

మిద్దె మీద సోలార్ ట్యాంకు పెట్టించింది మా కోడలు మల్లీశ్వరి. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పనిచేస్తుంది. ఉడుకునీళ్లలో ఉంచితేనే మామ చెయ్యి కాస్త వదులవుతుందని, పొద్దున్నే నేను కట్టెల పొగలో కూర్చునే బాధ తప్పుతుందని పెట్టించింది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మా ఆయన కుడిచెయ్యి బిగుసుకుపోయింది. నేను పేరు చెప్పకూడదు గానీ, ఊరందరికీ ఆయన బోరు కుళ్లాయప్ప. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన దించని మోటారు లేదు. బోరు దగ్గర నిలబడి కేక వేస్తే నాలుగు చేల అవతల ఎద్దులు తల ఎత్తేవి. అలాంటి మనిషి చేతిని దుప్పటి కింద దాచుకుని మంచం మీదే ఉండిపోయాడు. ఎవరైనా పలకరించడానికొస్తే గోడవైపు తిరిగేవాడు. మళ్ళీ మనుషుల్లో పడతాడా లేదా అన్నదే నా బెంగ.

ఆ పొద్దున మల్లీశ్వరి మిద్దె దిగొచ్చి, "అత్తా, వాల్వు కాడ నీళ్లు కారతాండాయి. బిందె పెట్టినా. ప్లంబరు గిరన్నకు ఫోన్ చేస్తే ఎల్లుండి వస్తాననె" అంది.

వాల్వు మూసిపెడితే ఆయన చేతికి ఉడుకునీళ్లుండవు, తెరిచి ఉంచితే ఎల్లుండికి ట్యాంకులో చుక్క మిగలదు. కొళాయి మళ్ళీ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

"యాడ కారతాండాది? పైపు అతుకు కాడనా, తిప్పే పిడి కిందనా?"

మంచం మీంచి వచ్చింది ఆ మాట. ఎన్నాళ్లయిందో ఆయన ఒక పని గురించి అడిగి!

"పిడి కింద, మామా."

"గిరీ వద్దు, ఎవురూ వద్దు. ఏమే, నన్ను పైకి తీసుకపో."

కోడలు భయంగా నా ముఖం చూసింది. "నువ్వు పోమ్మా, బస్సు పోతాది" అన్నాను.

మెట్ల మీద కూర్చుని, వెనక్కి ఒక్కో మెట్టూ జరుగుతూ ఎక్కాడు. కింది నుంచి కాళ్లు నేను పట్టుకున్నాను. సగంలో ఆయాసం వచ్చింది. "దిగుదామా?" అన్నాను.

"దిగేదానికా ఎక్కింది?"

పైన కుర్చీ వేసి వాల్వు పక్కన కూర్చోబెట్టి, నట్లు విప్పే ఆయన పానాలు తెచ్చాను.

"ముందు పిడి తిప్పి మూసెయ్. దాని కింద చిన్న నట్టు ఉండాది సూడు, దాన్ని ఇప్పు."

విప్పాను. లోపల నీళ్లు కారకుండా కడ్డీకి చుట్టిన దారం నుసి నుసి అయిపోయి ఉంది. దీపం వత్తులకు ఉంచుకున్న నూలును ఆముదంలో తడిపి చుట్టమన్నాడు. చుట్టి, నట్టు బిగించి, వాల్వు తెరిచాను. ముందుకన్నా ఎక్కువ కారింది. నా చీరంతా తడిసింది.

ఆయన పకపకా నవ్వాడు. "రాగులు ఇసరతాండావేమే?"

నిజమే. మా అమ్మగారిది నల్లమాడ పక్క. కోడి కూయకముందే అక్కచెల్లెళ్లం విసుర్రాయి ముందు కూర్చునేవాళ్లం. ఆ అలవాటున చెయ్యి ఎడమకే తిరిగింది. నట్టేమో కుడికి బిగుస్తుంది. బిగించేకొద్దీ దారం విడిపోయి పైకొచ్చేసింది.

"గుడి సుట్టూ తిరిగినట్ల సుట్టల్ల. నట్టు ఎట్ల తిరిగితే దారమూ అట్లనే."

మళ్ళీ మూసి, పాత దారం లాగేసి, మొదటి నుంచి మొదలుపెట్టాను. పక్క మిద్దె మీద చెనక్కాయలు ఆరబోస్తున్న నల్లమ్మ చూడనే చూసింది.

"ఏం మారెక్కా, మొగుని పని నువ్వు పట్టినావా?"

ఇక కిందికి తీసుకుపొమ్మంటాడనుకున్నాను. ఆయన అటు చూడనే లేదు.

"దాని మాటకేం గానీ, ఒత్తుగా సుట్టు. ఆ... సాలు. ఇంగ బిగించు. నిదానం! ఎక్కువ బిగిస్తే పిడి తిరగదు."

పానా జారకుండా ఎడమచేతిని నా మణికట్టు కింద ఆనించాడు. తెరిచాను. ఇద్దరం రెప్ప వేయకుండా చూశాం. ఒక చుక్క ఊరింది, అక్కడే నిలిచింది. వెనక ఇంకోటి రాలేదు.

నల్లమ్మ పిట్టగోడ దగ్గరకొచ్చింది. ఈసారి గొంతులో ఎగతాళి లేదు. "అన్నా, మా బోరు కాడ వాల్వు గూడా ఇట్లే కారతాండాది. ఒగ తూరి వచ్చి సూస్తావా?"



ఆయన ఆమె ఇంటి వైపు చూశాడు. "మా ఆమెను అడుగు. నా చెయ్యి ఆమె కాడ ఉండాది. ఆమెకు తీరుబాటయితే వస్తా."

"సంగటి తినేసి వస్తాం" అన్నాను, చీర కొంగు పిండుకుంటూ.