ఒకే ప్యాంటు ఇద్దరికి

రవ్వ వేయిస్తూనే హిమజ స్టవ్ పక్కన ల్యాప్‌టాప్ తెరిచింది. "వంటింట్లో గూడా అదేందమ్మా, మాడిపోతాది చూడు," అంది అత్త నాగలక్ష్మమ్మ.

సండూరులో లారీలు తిప్పే ఇల్లది. గనుల బాడుగలు తగ్గాక భర్త నితిన్ జీన్స్ అంగడి పెట్టి, ఆన్‌లైన్‌లో కూడా అమ్మడం మొదలుపెట్టాడు. అంగడిలో అమ్ముడైన ప్యాంటు ఆన్‌లైన్ స్టోరులో ఇంకా ఉన్నట్టే కనిపించేది. ఒకే ప్యాంటు ఇద్దరికి అమ్మడం నితిన్ వంతు, ఫోనెత్తి తిట్లు తినడం హిమజ వంతు. పెళ్లికి ముందు ఆమె బళ్ళారిలో ఒక కంపెనీలో ప్రోగ్రాములు రాసేది. "చదువు యాడికీ పోదులే, ముందు ఇల్లు చూసుకో" అని ఉద్యోగం మాన్పించారు.

నిజంగానే పోలేదు. ఆన్‌లైన్ స్టోరు నడిపే కంపెనీవాళ్ళు బయటి ప్రోగ్రాముల కోసం తెరిచిపెట్టిన దారి, ఏపీఐ, ఒకటుంది. దాంతో మాట్లాడేందుకు పైథాన్ భాషలో ముందే రాసిపెట్టిన లైబ్రరీని దించుకుని నాలుగు వరుసలు రాసేసరికి ఆర్డర్లన్నీ తెర మీదికొచ్చాయి. స్టాకు లెక్క మార్చబోతే మాత్రం అనుమతి లేదంది. నితిన్ ఇచ్చిన కీ, అంటే స్టోరులోకి పోనిచ్చే రహస్య సంకేతం, చూడటానికే పనికొస్తుంది.

"చూసేదానికి ఇచ్చినా కదా, చాలదా? నువ్వేమన్నా కెలికితే యాపారం పోతాది," అన్నాడతను.

ఈ ఇంట్లో బీరువా కూడా అంతే అనుకుంది హిమజ. తెరిచి చూడొచ్చు, ఏదన్నా తియ్యాలంటే అడగాలి.

ప్యాంటు అందని ఇంకో ఇద్దరు ఫోన్లో గొడవపడ్డాక గానీ నితిన్ మార్చే అనుమతితో కొత్త కీ ఇవ్వలేదు. ముందు ఒక్క ప్యాంటు మీద ప్రయత్నించి చూసుకుని, తర్వాత మొత్తం సరుకుకు కలిపింది. అంగడిలో బిల్లు కొడితే చాలు, స్టోరులో స్టాకు తగ్గుతోంది. తిట్ల ఫోన్లు ఆగిపోయాయి. ఆగిపోయాయన్న సంగతి ఇంట్లో ఎవరూ గమనించలేదు. సరిగ్గా జరిగిన పని ఎవరి కంట పడుతుంది?

ఆదివారం నితిన్ స్నేహితుడు మౌనేష్ వచ్చాడు, బళ్ళారిలో జీన్స్ కుట్టిస్తాడు. హిమజ టీ తెచ్చేసరికి అడుగుతున్నాడు, "అంగడిలో బిల్లు కొడితే ఆన్‌లైన్‌లో స్టాకు దానంతటదే తగ్గుతాందే, ఎవరితో చేయించినావప్పా? నాకూ ఇదే తలనొప్పి ఉండాది."

"బెంగళూరోళ్ళు," అన్నాడు నితిన్, ఆమె వైపు చూడకుండా.

హిమజ ట్రే దించింది. వంటింట్లోకి తిరిగిపోకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేనే చేసినా అన్నా. మీదీ చేసిస్తా. అయితే ఆ పని నా పేరు మీదనే ఉండాల."

మౌనేష్ నితిన్ ముఖంలోకి చూశాడు.

"ఆయన్ని కాదన్నా, నన్నడగండి," అంది హిమజ నెమ్మదిగా.

నితిన్ టీ గ్లాసు కింద పెట్టాడు. లోపలినుంచి అత్త కేకేసింది, కుక్కర్ కూస్తాండాదని.

"మీరు దించండత్తా," అంది హిమజ. "నేను పనిలో ఉండా."