నుదుటి మీది నోటీసు

పాలు పోసే మొగిలి రోజూలాగే గుమ్మంలో ఆగి, సంధ్య నుదురు చదివి, పాలు గడప మీది గిన్నెలో పోసి వెళ్లిపోయాడు.

మొగుడు ప్రణయ్ పోయిన పదకొండో నాడు ఆమెకు బొట్టు తీసేశారు. తెల్లారేసరికి ఆ చోట నల్లటి అక్షరాలు తేలాయి: "మరమ్మతు జరుగుతోంది. తర్వాత రండి." మహబూబాబాద్‌లో ఎవరూ వింతపడలేదు. చదివి తప్పుకునేవాళ్లు, చదువు రానివాళ్లు పక్కవాళ్లతో చదివించుకునేవాళ్లు. ఎనిమిది నెలలుగా సంధ్యకు ఏడుపు రాదు, ఆకలి తెలియదు. అదే నయమనుకుంది.

కూతురు ప్రియ మాత్రం వచ్చి ఒళ్లో కూలబడేది. ఒకటో తరగతిలో ఒత్తులు వచ్చాక అదీ చదివేసింది. అప్పట్నుంచి గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతోంది.

"పిల్ల నీ కాడికే వస్తలేదు. మా ఊరు గూడూరు దీస్కపోత. ఆడనే బడిల ఏస్త," అంది అత్త కమల ఆ పొద్దున.

"సరే అత్తమ్మా," అంది సంధ్య. ఆటో మధ్యాహ్నానికి వస్తుంది.

సంధ్య ఇంట్లోంచే మిర్చి రైతులకు టోకెన్లిచ్చే వెబ్‌సైటు చూసుకుంటుంది. పదకొండింటికి కంపెనీ నుంచి వెంకట్రాం ఫోను.

"అక్కా, సర్వర్లు లేచి రెండు గంటలాయె. మరమ్మతు పేజీ ఇంక పోతలేదేంది? రైతులు పరేషాన్ అయితున్రు."

సైటుకు వచ్చినవాళ్లను తలో సర్వరుకు, అంటే దాన్ని నడిపే కంప్యూటరుకు, పంపేది లోడ్ బ్యాలెన్సర్ అనే ప్రోగ్రామ్. సర్వర్లన్నీ పడిపోతే అదే అడ్డం నిలబడి ఆ పేజీ చూపుతుంది, అవి లేవగానే తప్పుకుంటుంది. పొద్దున అవి పడిపోయినప్పుడు తొందరలో సంధ్య పేజీని తన చేత్తో పెట్టేసింది. అలా పెడితే వెనక అంతా బాగుపడినా, పెట్టినవాళ్లు తీసేదాకా అది కదలదు.

"నేనే పెట్టిన తమ్మీ. తీసుడు మర్చిపోయిన."

తీసేసింది. టోకెన్లు కదిలాయి.

బయట ఆటో హారన్ మోగింది. సంచితో గుమ్మంలో నిలబడ్డ ప్రియ ఏదో చెప్పబోయి, తల్లి నుదురు చూసి ఆగింది.

"అమ్మా, గా అక్షరాలు ఎవరు తీస్తరు?"

సంధ్య నుదురు తడుముకుంది.

"నేనే తీయాలె బిడ్డా."

చున్నీ చెంగు నీళ్లలో ముంచి రుద్దుకుంది. నుదురు భగ్గున మండింది. ఎనిమిది నెలల్లో ఆమెకు తెలిసిన మొదటి నొప్పి అది. మొండి అక్షరాలు, ఒక్కొక్కటే ఊడాయి. చివరి మాట దగ్గర చెయ్యి ఆపేసింది.

పిల్లను పిలవడానికి వచ్చిన కమల కోడలి నుదురు చదివింది. "రండి" అని మాత్రమే ఉంది. ఆమె వెనక్కి తిరిగి ఆటోను పొమ్మంది.

ప్రియ అది చదవనేలేదు. అప్పటికే వచ్చి తల్లి ఒళ్లో కూలబడింది.