మొన లేని సూది

బజారులో పడవలు నడిచిన వరద ఉందే, ఆ తర్వాత నాలుగో ఏట జరిగింది ఇది.

చెప్పులు కుట్టే తాత అంతవరకూ విమానం మొహం చూసి ఎరగడు. ఆ ఏడు ఎక్కాడు. కూతురి కూతురు దేశదేశాల వాళ్ళతో పరుగుకు దిగుతోంది మరి. తోడుగా బావమరిది వచ్చాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అతని నోరు మూతపడదు. తాత నోరు పెగలదు. దేవుడు ఇద్దరి మాటలూ ఒక్కడికే ఇచ్చేశాడని ఇంట్లో నవ్వుకునేవారు.

పిల్లది మామూలు పరుగు కాదు. ఏడున్నర చుట్లు. ప్రతి చుట్టులో నడుమెత్తు అడ్డకర్రలు, ఒక నీళ్ళగుంట. కర్ర మీద కాలు మోపి గుంటలోకి దూకాలి. ఒళ్ళు బరువంతా ఒక్క పాదం మీద పడుతుంది.

ఆ పొద్దున ఆమె ఎడమ బూటు చిటికెనవేలి దగ్గర పిగిలింది. కొత్త జత ఉంది గాని, అది కరుస్తోంది.

"నువ్వే కుట్టు తాతా. ఇంకెవరి చెయ్యీ పడనివ్వను" అంది.

తాత హోటలు గదిలో కిటికీ పక్కన చతికిలబడి వంకర సూదితో కుట్టాడు. అడుగుభాగం గట్టిది. సూది మొరాయించింది. గుమ్మంలో బావమరిది ఒకటే గోల.

"బావా, అది బూటా, పెళ్ళిచీరా? బస్సు కదుల్తోంది. రైట్ రైట్!"

తాత పనికి ఒక పద్ధతి ఉంది. కుట్టు ముగిశాక సూదులు లెక్కపెట్టుకుంటాడు. ఎవరి చెప్పులోనూ సూది ఉండిపోకూడదు. తండ్రి నేర్పిన పద్ధతి. అయితే రెండేళ్ళుగా తాత కళ్ళకు మసక. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చూసి లెక్కపెట్టేవాడు కాస్తా తడిమి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొన వైపు తడిమితే గుచ్చుకుంటుంది. అందుకని బెజ్జాల వైపు తడిమేవాడు. ఐదు బెజ్జాలూ వేళ్ళకు తగిలాయి. బూటు ఇచ్చేశాడు.

మధ్యాహ్నం స్టేడియం గేటు దగ్గర కాపలావాడు తాత నడుముకున్న తోలుసంచి విప్పమన్నాడు. కత్తి, మైనం ఉండ, సూదులు తెల్లటి ట్రేలో పోశాడు. లోపలికి తీసుకెళ్ళకూడదని సైగ చేశాడు. ఇంతలో ఒక సూది ఎత్తి, వెలుగుకు పెట్టి, పక్కవాడికి చూపించి నవ్వాడు.

"ఏమంటున్నాడ్రా?" అన్నాడు తాత.

"వాడి భాష నాకేం తెలుసు? మొన లేదు, దీంతో ఏం కుడతాడీ ముసలాడు అంటున్నట్టున్నాడు."

తాత చెయ్యి చాపి సూది అందుకున్నాడు. వంకర సూది. మొన వైపు బొటనవేలు పెట్టి నొక్కాడు. గుచ్చుకోలేదు. మొద్దుగా తగిలింది. బియ్యపుగింజంత ముక్క లేదు.

నిన్న రాత్రి సంచి సర్దుకున్నప్పుడు దానికి మొన ఉంది. పొద్దున తప్ప దాన్ని వాడలేదు.

"ఒరేయ్, మొన బూట్లో ఉండిపోయిందిరా."

బావమరిది నవ్వబోయి, తాత మొహం చూసి మానుకున్నాడు. గబగబా పిల్ల కోచ్‌కి ఫోను కొట్టాడు. రెండు ముక్కల్లో సంగతి చెప్పి, ఫోను తాత చెవికి ఆనించాడు.

"తాతగారూ, పరిగెత్తేవాళ్ళందర్నీ లోపలి గదిలో కూర్చోబెట్టేశారు. ఫోన్లు తీసేసుకున్నారు" అంది కోచ్. "అక్కడి ఆఫీసరుకు ఒక్క చీటీ పంపగలను. ఐదు నిమిషాలు దాటితే అదీ కుదరదు. పంపానంటే ఆ బూట్లు విప్పించేస్తారు. కొత్త జతతో మూడు చుట్లకే కాలు బొబ్బలెక్కుతుంది. ఇక ఫైనల్ లేనట్టే. మీరు ఒక్క మాట చెప్పండి. ముక్క బూట్లో ఉందా, గదిలో పడిందా? లోపల చూసే ఇచ్చారు కదా?"

చూడలేదు. చూసినా కనపడదు. ఆ మాట అనాలంటే రెండేళ్ళ దాపరికం బయటపెట్టాలి.

"చెప్పండి తాతగారూ, టైం లేదు."

"చూశా" అన్నాడు తాత.

"హమ్మయ్య! అయితే గదిలోనే పడుంటుంది" అని ఆమె ఫోను పెట్టేసింది.

అన్న మాట అప్పుడే చెవిన పడ్డట్టు నిలబడిపోయాడు తాత. మళ్ళీ చెయ్యమన్నాడు. బావమరిది నాలుగుసార్లు చేశాడు. ఎత్తలేదు.

లోపల వేలమంది. అందరూ లేచి అరుస్తున్నారు. తాత కూర్చునే ఉన్నాడు. పిల్ల గీత మీదికొచ్చింది. దూరానికి ఆమె మొహం తెలియదు, ఎర్ర చొక్కా మాత్రం తెలుస్తోంది. వీళ్ళ వైపు చెయ్యి ఊపింది. తాత రెండు చేతులూ ఎత్తి వద్దు, వద్దు అన్నాడు. చుట్టూ ఉన్న వందమంది కూడా చేతులూపుతున్నారు.

తుపాకీ పేలింది.

"అడుగు ఎలా పడుతోందో చెప్పు. ఇంకేం చెప్పకు" అన్నాడు తాత.

"బానే పడుతోంది బావా."

"కుంటుతోందా?"

"లేదంటున్నాగా! అదిగో గుంట. దూకింది. నీళ్ళు చిమ్మాయి. లేచింది."

గుంట వచ్చినప్పుడల్లా తాత అరికాలు ముడుచుకుపోయింది. నీళ్ళు తగిలితే లోపలి అట్ట మెత్తబడుతుంది. మెత్తబడితే ముక్క పైకి తేలుతుంది. ముప్పై ఏళ్ళ కిందట ఒక కూలీ పాదంలో మేకు దిగి, అది చీముపట్టి, చివరికి కాలు తీసేయడం తాత చూశాడు. ఐదో గుంట దగ్గర బావమరిది మాట ఆగిపోయింది.

"ఏమైందిరా?"

"తూలింది."

"ఏ కాలు?"

"ఏమో బావా, సరిగ్గా కనపడలేదు. ఉండు, పరిగెడుతోంది."

"ఏ కాలురా!"

పక్కవాళ్ళు తిరిగి చూశారు. తాత అంత గట్టిగా అరవడం బావమరిది ఎప్పుడూ వినలేదు. బావ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మిగిలిన రెండు చుట్లూ ఇద్దరూ అలాగే ఉన్నారు.

పిల్ల ఐదో స్థానంలో వచ్చింది. మొదటి ఐదుగురికి ఫైనల్. బావమరిది ఎగిరి గంతేశాడు. తాత అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

వాళ్ళవాళ్ళను కలుసుకునే కంచె దగ్గర ఆమె తడి బూట్లు చేత పట్టుకుని వచ్చింది. తాత పలకరించలేదు. ఎడమ బూటు లాక్కుని లోపల చెయ్యి పెట్టాడు. అట్ట లేపాడు. కుట్టు పక్కన, అట్ట అడుగున, చల్లగా తగిలింది. గోటితో గీకి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"పాదం చూపించు."

చూపించింది. వంగి అరికాలు తడిమాడు, వేలు వేలూ తడిమాడు. చిటికెనవేలి కింద చిన్న గీత. నెత్తురు లేదు.

"ఇందాక గుంటలో చురుక్కుమంది. రాయేమో అనుకున్నా" అంది. తర్వాత అతని అరచేతిలోకి చూసింది. మొహంలో రంగు మారింది. "నువ్వెప్పుడూ ఇలా ఇవ్వలేదు తాతా."

"కనపడటం లేదమ్మా. రెండేళ్ళయింది. కోచమ్మ అడిగితే చూశానని అబద్ధమాడా."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. బూటు తీసుకుని కుట్టు పొడవునా వేలితో నొక్కి చూసింది.

"ఎల్లుండి ఫైనల్" అంది. "కుట్టు ఇంకోచోట వదులైంది."

తాత తలూపాడు.

మర్నాడు పొద్దున్నే తాత బూటు కాగితంలో చుట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని, ఆటగాళ్ళ బూట్లు బాగుచేసే గదికి వెళ్ళాడు. ఆ పనివాడు కుర్రవాడేం కాదు, నలభై ఉంటాయి. వీళ్ళ భాష రాదు. తాత బూటు బల్ల మీద పెట్టి, వదులైన చోటు వేలితో చూపించి, రెండడుగులు వెనక్కి జరిగి, అతని పని అయ్యేదాకా గోడవారన నిలబడ్డాడు.