సవతుల గుట్ట దయ్యం

“ఎండ తాకకముందే తెంపాలె ఆకు. ఎండ తాకినంక అది బర్రెకు మేతనే గని నా మోకాళ్లకు మందు కాదు.”

ఎంకవ్వ ఈ మాట మంచం దిగకుండానే అనేది. అప్పటికే లేచి వాకిలి ఊడ్చి, పొయ్యి మీద నీళ్లు పెట్టి, బర్రె కింది పెండ తీస్తున్న కోడలు కమలవ్వ సంచి భుజానికి తగిలించుకునేది. వావిలాకు కాచిన నీళ్లు పోస్తే తప్ప అత్త మోకాళ్లు వంగవు. వావిలి చెట్లేమో ఊరి బయట, అడవిలో, వాగు ఒడ్డున. “నడిస్తే నీకే మంచిది. ఇంట్ల ఉత్తగ కూసోని ఏం చేస్తవ్?” అనేది అత్త. ఇంట్లో ఉత్తగా కూచోవడం ఎట్లా ఉంటుందో చూడాలని కమలవ్వకు పెళ్లయినప్పటినుంచీ ఉంది. ఇంతవరకు కుదరలేదు.

ఎల్లారెడ్డి బస్టాండు పక్కన పర్శరాములు సైకిల్ టాక్సీ అంటే ఆ రోజుల్లో తెలియనివాళ్లు లేరు. ముందర దుకాణం, కిరాయికిచ్చే సైకిళ్ల వరుస, స్టూలు మీద పర్శరాములు, పక్కన రేడియో. వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. చెడిపోయిన సైకిలు ముందు తలుపులోంచి లోపలికి పోయేది, బాగుపడి మళ్లీ ముందు తలుపులోంచే బయటికొచ్చేది. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ అడగరు. జరిగేదేమిటంటే, కమలవ్వ పెరట్లో పీటేసుకుని ట్యూబు నీళ్ల తొట్టిలో ముంచి బుడగ వచ్చేచోట పంచరు వేసేది, పుల్లలు బిగించి చక్రం వంకర తీసేది, చైనుకు నూనె పెట్టేది. “పర్శరాములన్నా, నీ చేతిల ఏదో ఉన్నదే” అని జనం మెచ్చుకుంటుంటే అతను మీసం సవరించుకునేవాడు. అతని చేతిలో ఎప్పుడూ చాయ్ సాసరే ఉండేది. పెళ్లయిన కొత్తలో ఆమె ఒకసారి రెంచి పట్టుకుని దుకాణంలోకి వచ్చింది. “లోపలికి నడువ్. ఆడిది పంచరేస్తదంటే ఎవడొస్తడే ఈ దుకాణానికి?” అన్నాడు. తప్పు చేసిన పిల్లను గదిమినట్టు గదిమాడు, నలుగురి ముందర. రబ్బరు, సొల్యూషన్ తేవడానికని కామారెడ్డి బస్సెక్కి, అక్కడ మాట్నీ చూసి, సాయంత్రం దిగి “ఇయ్యాల నడుములు పడిపోయినయే” అని మంచమెక్కేవాడు. ఆమె అతని కాళ్లు పిసికేది.

మొదట్లో కమలవ్వకు కోపం వచ్చేది. ఎదుటి మనిషి మీద ఎంతో కొంత ఆశ మిగిలి ఉంటేనే కోపం వస్తుంది. వాడికి తెలిసొస్తుందని, మారతాడని. ఆ ఆశ ఎప్పుడు అయిపోయిందో ఆమెకూ గుర్తులేదు. ఇప్పుడు మిగిలింది చీదర. కోపమొస్తే అన్నం సయించదు, నిద్ర పట్టదు. చీదరకు ఆ బాధ లేదు. రొట్టెలు చేస్తూ చీదరించుకోవచ్చు, కాళ్లు పిసుకుతూ చీదరించుకోవచ్చు, పని ఎక్కడా ఆగదు. మొగుడు మాట్లాడుతుంటే తల వంచుకుని వినే ఆడదాని మనసులో ఏముందో ఈ మొగవాళ్లెవరికీ తెలియకపోవడం వాళ్ల అదృష్టమని ఆమె అనుకునేది.

ఒక చలికాలం పొద్దున, బాగుచేసిన సైకిలొకటి పెరట్లో ఉంది. చక్రం సరిగా తిరుగుతుందో లేదో తొక్కి చూస్తే గాని తెలియదు. మూట మోయడానికి పనికొస్తుందని దాన్ని పెరటి తలుపులోంచి నడిపించుకుంటూ అడవి వైపు పోయింది. చివరి ఇల్లు దాటింది. అటూ ఇటూ చూసింది. గోచి పోసి చీర బిగించి, దండె మీదుగా కాలు వేసింది. తంగేడు పొదలో పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. లేచి, చుట్టూ చూసింది. నవ్వేవాళ్లెవరూ లేరు. అంత పెద్ద అడవిలో ఒక్క మొగోడు లేడు! ఆ సంగతికే ఆమెకు ముందు నవ్వొచ్చింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ పడింది. మోదుగులు పూసేనాటికి పడటం మానేసింది.

బాగైన సైకిలేదో ఒకటి రోజూ పెరటి తలుపులోంచి పోయేది, మొగుడు లేచేలోగా తిరిగొచ్చేది. తర్వాత అడవి పెద్దదైంది. నడిచినన్నాళ్లూ ఆమెకు తెలిసింది వాగు ఒడ్డు ఒక్కటే. చక్రాల మీద పోతే ఇప్పచెట్ల తోపు, దాని అవతల తునికి పొదలు, వాటి మధ్య మేకలు పోయే సన్నని తొవ్వలు. తిప్పతీగ ఏ చెట్టుకు అల్లుకుందో, నేలవేము ఎక్కడ మొలుస్తుందో, పరికిపండ్లు ఏ మలుపులో ఉంటాయో దిగి చూసేది, ఒకటి నోట్లో వేసుకుని మళ్లీ ఎక్కేది. ఇంటికి పోయాక అత్త మాత్రం ఒక్కటే గమనించింది. “జల్ది వస్తున్నవ్ ఈ నడుమ. టైమున్నది గదా, ఇంకో రెండు బిందెలు తే.”

వాగు దాటితే సవతుల గుట్ట. దాని కథ ఎంకవ్వే చెప్పింది, మోకాళ్ల మీద నీళ్లు పోయించుకుంటూ.

“ఎన్కట ఒకని ఇద్దరు పెండ్లాలు ఆ గుట్ట మీద సిగలు పట్టుకొని కొట్లాడిన్రు. కొట్లాడి కొట్లాడి బండలయిన్రు. గందుకే అటు ఆడోళ్లు పోవద్దు.”

“మొగుడేమైండు అత్తా?”

“మొగుడేమైతడే? ఇంకోదాన్ని చేసుకున్నడు.”

మరునాడే కమలవ్వ ఆ గుట్టెక్కింది. ఎక్కడానికి సైకిలు నెట్టుకుంటూ ఆయాసపడింది. పైన రెండు బండలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, కొట్లాడుతున్నట్టు లేవు, మాట్లాడుకుంటున్నట్టు ఉన్నాయి. రెంటి మధ్యా కాసేపు కూచుని చెమట తుడుచుకుంది. తర్వాత దిగడం మొదలుపెట్టింది.

ఆ దిగుడు గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి మాటలూ లేవు. మొరం తొవ్వ. ముందు బ్రేకు పడితే తల్లకిందులే. సీటు మీంచి లేచి, పైడళ్ల మీద నిలబడి, బరువంతా వెనక్కి వేసి వదిలేయాలి. ఎండిన టేకాకులు చక్రాల కింద ఫెళఫెళలాడేవి, గాలికి కళ్లలో నీళ్లొచ్చేవి. రాళ్ల మీద సైకిలు ఎగిరినప్పుడల్లా గంట దానంతటదే మోగేది. కొమ్మలు గీరకుండా ముఖానికి తువ్వాల చుట్టుకునేది. జుట్టు ఊడిపోయినా కట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండేది కాదు. కింద వాగు ఇసుకలో చక్రం కూరుకుని ఆగిపోయేదాకా ఆమె ఎవరికీ కోడలు కాదు, పెండ్లాం కాదు.

ఎండాకాలం బీడీలకు తునికాకు తెంపడం మొదలయ్యే ముందు, ఒక తెల్లవారుజామున గౌసు ఆమెను చూశాడు. గౌసు పక్కింటి ఆమినా మరిది, బండి తోలతాడు. అడవిలో కట్టెలకు పోయినవాడు గుట్ట మీంచి వస్తున్నదాన్ని చూసి బండీ ఎడ్లూ వదిలేసి ఊళ్లోకి ఉరికాడు. మధ్యాహ్నానికి ఎల్లారెడ్డి అంతా తెలిసింది. సవతుల గుట్ట మీద దయ్యం. జుట్టు విరబోసుకుంది. ముఖం లేదు. గాల్లో తేలుకుంటూ వచ్చింది, గంట మోగింది, కాళ్లు నేలకు ఆనలేదు.

గోడ అవతలినుంచి ఆమినా ఇదంతా చెబుతుంటే కమలవ్వ ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ ఉండిపోయింది. సైకిల్ తొక్కేదాని కాళ్లు నేలకెందుకు ఆనుతాయి? గౌసుకు కళ్లు లేవా అంటే ఉన్నాయి, కింద రెండు చక్రాలున్న సంగతి ఆ కళ్లు చూసే ఉంటాయి. కానీ సైకిల్ మీద ఆడది అనేది వాడి బుర్రలో పట్టలేదు. దయ్యమైతే పట్టింది. వీళ్లు పిశాచిని నమ్ముతారు, కొరివి దయ్యాన్ని నమ్ముతారు, ఆడమనిషి సైకిల్ తొక్కుతుందంటే నమ్మరు. ఆమెకు నవ్వాగలేదు. “నీకు భయమైత లేదా కమలక్కా?” అంది ఆమినా.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఊళ్లో మొగవాళ్లు కూచుని తీర్మానం చేశారు. దయ్యానికి ఏదో ఒకటి చేసేదాకా ఆడవాళ్లెవరూ అడవికి పోవద్దు. తునికాకు తాము తెస్తారు, ఆడవాళ్లు ఇంట్లో కూచుని కట్టలు కట్టాలి. ఆకు కొనే కల్లానికి ఎవరు తీసుకుపోతే పైసలు వాళ్ల చేతికే. ఇన్నేళ్లూ ముళ్లలో వంగి ఆకు తెంపింది ఆడవాళ్లేనని, మొగవాళ్లకు ఆ పని నామోషీ అనిపించేదని ఎవరికీ గుర్తురాలేదు.

ఆమినా ఆ సాయంత్రం పెరట్లోకి వచ్చి కూచుంది. ఆమె మొగుడు మస్కట్‌లో ఉన్నాడు, అతని పైసలు గౌసు పేరునే వస్తాయి. “ఆకు పైసలొక్కటే అక్కా నా చేతికొచ్చేది. పైసలు బీ పోనియ్. పొద్దుగాల అడివికి పోతే మేము నవ్వుకుంటుంటిమి, పాటలు పాడుకుంటుంటిమి. ఇగ గౌసు గడప దాటనిస్తలేడు. ‘దయ్యం పడితే నీ మొగనికి నేనేం జవాబియ్యాలె?’ అంటడు” అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తన సంబరం కోసం కమలవ్వ దిగితే, ఆ దిగుడు తీసుకుపోయి ఇంతమంది ఆడవాళ్ల కాళ్లకు కట్టారు. ఇక గుట్టెక్కడం మానేసినా లాభం లేదు. కనబడని దయ్యం ఇంకా గట్టిది. సవతుల బండల్లాగే తరాల తరబడి అక్కడే ఉంటుంది, ఆడవాళ్లను ఆపుతూ.

మర్నాడు పొద్దున ఎంకవ్వ మామూలుగానే పిలిచింది. “ఆకు?”

“దయ్యమున్నదంటున్రు గదా అత్తా. ఆడోళ్లు పోవద్దట.”

“గది ఊరోళ్లకు. నా మోకాళ్లేం గావాలె?”

పర్శరాములు దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. “జర పొద్దెక్కినంక పో. ఎండ తాకని నీడాకు తెంపుకరా. దయ్యాలు ఎండల తిరగయ్.”

ఆమె ఇద్దరినీ చూసింది. ఊరి ఆడవాళ్లందరికీ ఉన్న భయం తనకు లేదు, తన కోసం వీళ్లకూ లేదు. దయ్యం పట్టుకుంటే ఆకు ఆలస్యమవుతుందన్న చింత తప్ప. సరే, పొద్దెక్కినంకే పోతానంది.

పొద్దెక్కింది. దుకాణం ముందర పదిమంది చేరారు. కర్రలు పట్టుకుని మర్నాడు తెల్లారి గుట్ట కింద కాపుకాయాలని మాట్లాడుకుంటున్నారు. గౌసు ఉన్నాడు. మధ్యలో స్టూలు మీద పర్శరాములు, సాసర్లో చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెబుతున్నాడు.

“మొన్న చీకటితోని గుట్ట కింద నేను ఎదురుపడ్డ. ‘పర్శరాములూ’ అని పేరు పెట్టి పిలిచింది. నేను బెదరలే. బీడీ అంటించిన. నిప్పు చూసి మాయమైంది.”

తలుపు చాటున కమలవ్వ వింది. అతను ఎదురుపడ్డానంటున్న పొద్దున తెల్లారిందాకా గురక పెట్టిన సంగతి ఆమెకు కాక ఎవరికి తెలుసు? ఈ మనిషి కాళ్లు పిసికిన చేతుల్ని ఆమె ఒకసారి చూసుకుంది. తర్వాత తువ్వాల ముఖానికి చుట్టుకుంది, సిగ ఊడదీసుకుంది, గోచి బిగించింది. ముందు తలుపులోంచి బయటికొచ్చి, వరుసలోని సైకిలు తీసి ఎక్కింది. బజారు చివరిదాకా తొక్కి, మలుపు తిప్పి, గంట కొడుతూ నేరుగా ఆ పదిమంది మీదికే వచ్చింది. గౌసు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

ఆమె బ్రేకు వేసి, ఒక కాలు కింద పెట్టి, తువ్వాల తీసింది.

పర్శరాములు ముఖంలోంచి రక్తం దిగిపోయింది. “దిగు. దిగే! ఇజ్జత్ పోతది.”

“బీడీ అంటించు,” అంది కమలవ్వ. “మాయమైత.”

ఎవరో చాయ్ బండి దగ్గర ఫక్కున నవ్వారు. నవ్వింది ఆడగొంతు. ఇంకో ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. కర్రలు పట్టుకున్నవాళ్లు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు.

ఆ రోజు పర్శరాములు కొట్టడానికి చెయ్యెత్తాడు. ఆమె తప్పుకోలేదు, ఏడవలేదు, అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపులో ఏం కనబడిందో, చెయ్యి దించేశాడు. ఎంకవ్వ శాపనార్థాలు పెట్టింది. దయ్యమే లేదని అందరికీ తెలిశాక ఆపడానికి సాకు దొరకలేదు, ఆడవాళ్లు మళ్లీ తునికాకుకు పోయారు. గౌసు తనకు ముందే అనుమానమని చెప్పుకు తిరిగాడు.

వారం తిరగకముందే పెరట్లో చక్రం పుల్లలు బిగిస్తున్న కమలవ్వకు ముందునుంచి మొగుడి గొంతు వినిపించింది. ఆ చక్రం బాగుచేయించుకోవడానికి నిజాంసాగర్ నుంచి వచ్చిన గిరాకీకి చెబుతున్నాడు. “ఆడదైనా భయం ఉండద్దని నేనే నేర్పిన భాయ్ సైకిల్. మనం జర మోడ్రన్.”

ఆమె చేతిలో రెంచి ఆగింది. కోపం కోసం లోపల వెతుక్కుంది, దొరకలేదు. మనిషి ఇంత పలచగా కూడా ఉంటాడా అనిపించింది, అంతే. సగం బిగించిన చక్రాన్ని అట్లాగే గోడకు ఆనించింది. గోడ అవతలికి కేకేసింది. “ఆమినా, వస్తవా?”

ఇద్దరూ మిట్టమధ్యాహ్నం ముందు తలుపులోంచే పోయారు, క్యారియర్ మీద ఆమినా, రెండు చేతులతో కమలవ్వ నడుం పట్టుకుని. గిరాకీ ముందర పర్శరాములు మీసం సవరించుకున్నాడు. పొద్దు గుంకే వేళ తిరిగొచ్చేసరికి ఇద్దరి జుట్లూ రేగిపోయి ఉన్నాయి, ఆమినా చెప్పొకటి వాగులో పోయింది. పెరట్లో చక్రం పెట్టినచోటే ఉంది. గిరాకీ ఎప్పుడో తిట్టుకుంటూ బస్సెక్కిపోయాడు. వాకిట్లో తల్లీ కొడుకూ ఎదురు చూస్తున్నారు.

“ఆకేది?” అంది ఎంకవ్వ, ఖాళీ చేతులు చూసి.

“తేలే.”

“ఆకు తేలే, కట్టె తేలే. మరి ఇంత పొద్దు ఏం జేసినవే అడివిల?”

“గుట్టెక్కినం,” అంది కమలవ్వ. “దిగినం. మంచిగుండెనని మళ్ల ఎక్కినం.”