మూడున్నరకు మూడు

రెండు రోజుల్లో అయిపోతుందని మేనేజరు ఆసుపత్రివాళ్లకు మాట ఇచ్చి వచ్చాడు. ఆయనది మాట ఇవ్వడం వరకే, చేసేది ఆమె. పిల్లల వార్డు కంప్యూటర్లలో మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాం అది. తొమ్మిదేళ్ల కిందట ఆమే రాసింది. అది రాసిన కంప్యూటర్ భాష పాత వెర్షన్‌ను ఇక పట్టించుకునే దిక్కు లేదు కనుక కొత్త వెర్షన్‌లోకి మార్చాలి.

పన్నెండో రోజుకు అన్నీ పనిచేశాయి. కానీ పాత జవాబులతో పోలిస్తే నలభై చోట్ల తేడా. కొత్తదాన్ని నానా తిట్లూ తిట్టుకుంటూ ఒక్కో వరుసా తవ్వింది. తీరా చూస్తే తప్పు కొత్తదానిది కాదు, పాతదానిది. ఒక అంకెను ఇంకో అంకెతో భాగిస్తే పాత వెర్షన్ మిగిలిన ముక్కను చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. కొత్తది వదలదు. కిలోకు అర మిల్లీలీటరు చొప్పున ఏడు కిలోల బిడ్డకు మూడున్నర పడాల్సిన మందుకు, పాత ప్రోగ్రాం ఏడును రెండుతో భాగించి మూడే చూపిస్తూ వచ్చింది. తొమ్మిదేళ్లుగా.

మేనేజరు విని గది తలుపు మూశాడు. పాత జవాబులే వచ్చేలా సర్దేయమన్నాడు. ఇన్నాళ్లూ ఎవరూ అడగనిదాన్ని మనమే నెత్తికి చుట్టుకోవడం దేనికన్నాడు.

"అక్కడుండేది పసిపిల్లలు సార్."

"రాసింది నువ్వేగా," అన్నాడాయన తాపీగా.

చెంప చెళ్లుమన్నట్టయింది. ఆ మాట నిజం కావడంతో కోపం రెట్టింపైంది. నలభై తేడాలూ ప్రింటు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా తిన్నగా ఆసుపత్రికి వెళ్లింది.

ఆ వార్డు హెడ్ నర్సు ఆమె సొంత వదిన, అన్నయ్య భార్య. కాగితాలన్నీ చివరిదాకా చూసి పక్కన పెట్టింది.

"నీ లెక్క నమ్మడం ఎప్పుడో మానేశాం. చేత్తో వేసుకునే ఇస్తున్నాం. మీ మేనేజరుకు రెండుసార్లు రాశాం కూడా."

ఎవరూ అడగలేదన్న మనిషి మొహం గుర్తొచ్చి ఆమె పళ్లు కొరికింది. వదిన ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యి ఎత్తింది.

"ఆయన సంగతి సరే. ఆరేళ్ల కిందట మీ అన్నయ్య ఎదుటే నీకూ చెప్పాను. కంప్యూటర్ తప్పు చెయ్యదు వదినా, మీ వాళ్లే అంకెలు తప్పు కొడుతుంటారు అన్నావు."

గుర్తుంది. నవ్వుతూ అంది.

"దానికి ముందు మూడేళ్లు దాన్నే నమ్మాం. ఏ బిడ్డకు ఎంత తగ్గిందో నాకు తెలీదు. నీకూ తెలీదు."

ఇద్దరూ కలిసి పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్లారు. ఆ సాయంత్రమే పాత ప్రోగ్రాం ఆపేశారు. ఆ మూడేళ్ల రికార్డులు తిరగెయ్యడానికి ఇద్దరు డాక్టర్లను కూర్చోబెట్టారు. కొత్తదాని ప్రతి జవాబునూ నర్సులు చేత్తో సరిచూసి ఒప్పుకునేసరికి మూడు వారాలు పట్టింది. గడువు దాటించిందన్న వంకతో మేనేజరు ఆమెను ఆ పని నుంచి తప్పించాడు. ఆమె బతిమాలలేదు. ఆయనకు వచ్చిన రెండు ఉత్తరాల సంగతి కంపెనీ పైవాళ్లకు రాసి, కింద తన తప్పు కూడా రాసింది.

వదిన ఆమెతో మాట్లాడుతూనే ఉంది గానీ అన్నీ పని మాటలే. మేనేజరు మీద ఆమెకు కోపం వీసమెత్తు తగ్గలేదు. తప్పంతా ఆయనమీదే నెడదామంటే మాత్రం కుదరడం లేదు.